బరువైన మజిల్ కారుకు ఆటోక్రాస్ టైరు వెడల్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప మిత్రులు పెద్ద కార్ల టైర్ల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఒకచోట చేర్చాను. ఇక్కడ ఆటోక్రాస్ అంటే తారు లేదా కాంక్రీటు మైదానంలో కోన్లు పెట్టి, ఒక్కో కారును విడిగా వదిలి టైము చూసే పోటీ. ఒక రన్ సాధారణంగా 30 నుంచి 60 సెకన్లలో అయిపోతుంది. మట్టి మైదానం సంగతి వేరు, దానికి కింద విడిగా ఒక ప్రశ్న ఉంది. ఉదాహరణలకు ఎక్కువగా ఫోర్డ్ ముస్తాంగ్ జీటీని తీసుకున్నాను. 2016లో మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిను) మజిల్ కారు, అంటే పెద్ద ఇంజినుతో బలం ఎక్కువున్న అమెరికన్ తరహా కారు అది, బరువు 1,700 కిలోలకు అటూ ఇటూ. డాడ్జ్ ఛాలెంజర్, షెవర్లే కమారో లాంటి బండి తెప్పించుకున్నవాళ్లకు కూడా ఇవే లెక్కలు వర్తిస్తాయి.

అన్నా, ఒక్క ముక్కలో చెప్పు. ఎంత వెడల్పు పెట్టాలి?

ముందు చక్రం దగ్గర ఫెండర్‌కూ (చక్రం పైనుండే బాడీ రేకు) స్ట్రట్‌కూ (చక్రం లోపలి వైపుండే సస్పెన్షన్ స్తంభం) తగలకుండా పట్టే వెడల్పు, మీ రిమ్ము టైరు పక్కగోడలను (సైడ్‌వాల్స్) నిటారుగా నిలబెట్టగలిగే వెడల్పు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. అదే సైజు నాలుగు చక్రాలకూ పెట్టండి. ముస్తాంగ్ లాంటి కారుకు 9.5 అంగుళాల రిమ్ము ఉంటే 275 (టైరు సైజులో మొదటి అంకె, మిల్లీమీటర్లలో వెడల్పు), 10 అంగుళాలైతే 285, 11 అంగుళాలైతే 305. రిమ్ము మార్చే ఉద్దేశం లేక కంపెనీ ఇచ్చిన 9 అంగుళాలతోనే ఉంటే 255 దగ్గర ఆగండి.

చాలామంది వెనక చక్రంతో మొదలుపెడతారు, ఎందుకంటే కారు వెనక నుంచి చూస్తే లావు టైరు అందంగా కనిపిస్తుంది. కానీ ఆటోక్రాస్‌లో టైము పోయేది ముందు టైరు దగ్గరే.

బరువైన కారుకు వెడల్పు ఎందుకంత ముఖ్యం?

టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, కానీ బరువు పెరిగినంతగా పెరగదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే వస్తుంది. వేరుశనక్కాయల మూట ఒకటి మోసే మనిషి నెత్తిన రెండో మూట పెడితే మోస్తాడు, కానీ అంతే వేగంగా నడవలేడు. టైరుదీ అదే కథ.

మలుపులో ఏం జరుగుతుందో అంకెల్లో చూద్దాం. డ్రైవరుతో కలిపి కారు 1,750 కిలోలు, గరిమనాభి నేల నుంచి సుమారు 53 సెంటీమీటర్ల ఎత్తు, ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లు అనుకోండి. ఒక జీ బలంతో (కారు బరువుకు సమానమైన పక్క బలంతో) మలుపు తిరిగితే లోపలి వైపు నుంచి బయటి వైపుకు దాదాపు 580 కిలోలు మారతాయి. అంటే నిలబడి ఉన్నప్పుడు ఒక్కో వైపు 875 కిలోలు ఉన్నది, మలుపులో బయటి వైపు 1,450 దాటుతుంది, లోపలి వైపు 300 కూడా మిగలదు. ఇంజిను ముందుంటుంది కాబట్టి ముస్తాంగ్‌లో సగం కన్నా ఎక్కువ బరువు ముందే పడుతుంది. కోను దగ్గర బ్రేకు కొట్టి స్టీరింగ్ తిప్పామంటే, ఆ క్షణాన బయటి ముందు టైరు మీద పడే భారం ఊహించండి. 1,000 కిలోల హ్యాచ్‌బ్యాక్‌కు ఈ బాధ ఇంత ఉండదు. అందుకే చిన్న కారు 195 టైర్లతో కోన్ల మధ్య చకచకా తిరుగుతుంటే, 400 హార్స్‌పవర్ ఉన్న మన కారు స్టీరింగ్ ఎంత తిప్పినా ముందుకే జారిపోతుంటుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. బరువైన కారు వాళ్లు డబ్బు పెట్టేది మొదట ఆ ఒక్క టైరు కష్టం తగ్గించడానికే.

లావు టైరు వేస్తే నేలకు తాకే రబ్బరు పెరుగుతుంది. అంతే కదా?

అందరూ అనుకునేది అదే, కానీ పూర్తిగా నిజం కాదు. నేలకు తాకే భాగం విస్తీర్ణాన్ని ప్రధానంగా నిర్ణయించేవి టైరు మీద బరువు, లోపలి గాలి. ఒక చక్రం మీద 437 కిలోలు, గాలి 32 పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) అనుకుంటే తాకే భాగం సుమారు 195 చదరపు సెంటీమీటర్లు. 225 టైరైనా 275 టైరైనా, గాలి అంతే ఉంటే ఈ అంకె పెద్దగా మారదు. సైడ్‌వాల్ గట్టిదనం వల్ల కొంచెం తేడా వస్తుంది, అంతే.

మారేది ఆకారం. ఇరుకు టైరు కింద ఆ ముద్ర సన్నగా పొడుగ్గా ఉంటుంది, లావు టైరు కింద అడ్డంగా వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. పొట్టి ముద్ర మలుపులో తక్కువ మెలి తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పగానే కారు మాట వింటుంది. రబ్బరు వేడి ఎక్కువ మేర పరుచుకుంటుంది కాబట్టి మూడో రన్నుకూ నాలుగో రన్నుకూ పట్టు నిలుస్తుంది. వీటికి తోడు, లావు టైరు ఎక్కువ గాలిని పట్టి ఉంచుతుంది కాబట్టి అంతే బరువును ఇంకొంచెం తక్కువ పీఎస్‌ఐతో మోయగలదు. అప్పుడు నేలకు తాకే రబ్బరు నిజంగానే పెరుగుతుంది. అంటే లావు టైరు వేసి పాత ప్రెషరే పెట్టుకుంటే దాని లాభంలో కొంత వదులుకున్నట్టే.

నా రిమ్ము 8.5 అంగుళాలు. దాని మీద 275 ఎక్కించుకోవచ్చా?

షాపులో ఎక్కిస్తారు, గాలి నిలుస్తుంది, రోడ్డు మీద నడుస్తుంది కూడా. ఆటోక్రాస్‌కు మాత్రం వద్దంటాను. ఈ ఒక్క విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఎందుకంటే మన వైపు డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

టైరు మీద రాసి ఉన్న 275 అనేది ఒక నిర్దిష్ట రిమ్ము మీద కొలిచిన అంకె. 275కు ఆ కొలత రిమ్ము 9.5 అంగుళాలు. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కాబట్టి 8.5 రిమ్ము మీద మీ 275 నిజానికి 265 దగ్గరే ఉంటుంది, డబ్బు మాత్రం 275కు పెట్టారు. అంతకన్నా నష్టం ఇంకొకటి ఉంది. రిమ్ము ఇరుకైతే సైడ్‌వాల్స్ లోపలికి వంగి, టైరు పొట్ట బయటికి ఉబ్బుతుంది. మలుపులో ట్రెడ్ (నేలను తాకే రబ్బరు పట్టీ) అంతా రిమ్ము మీద పక్కకు ఊగుతుంది. స్లాలంలో (వరుస కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పే చోట) ఎడమ నుంచి కుడికి తిప్పిన ప్రతిసారీ ఆ ఊగు ఆగేదాకా కారు ఎదురుచూస్తుంది. తేలిక కారైతే ఎలాగో నెట్టుకొస్తుంది, 1,700 కిలోల కారుకు అది స్పష్టంగా తెలుస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన కొలత రిమ్ములు: 245కు 8.5, 255కు 9, 275కు 9.5, 285కు 10, 305కు 11 అంగుళాలు. తక్కువ ప్రొఫైల్ (పక్కగోడ పొట్టిగా ఉన్న) టైర్లకు ఇవి సరిపోతాయి. ఇంకో అర అంగుళం వెడల్పు రిమ్ము దొరికితే ఇంకా మంచిది, సైడ్‌వాల్ నిటారుగా నిలబడుతుంది. ఒకే బడ్జెట్టులో 9 అంగుళాల రిమ్ము మీద 275, 10 అంగుళాల రిమ్ము మీద 265 రెండూ కుదిరితే నేను కళ్లు మూసుకుని రెండోది తీసుకుంటాను. కొనేముందు ఆ టైరు కంపెనీ పట్టికలో మీ సైజుకు అనుమతించిన రిమ్ము వెడల్పులు తప్పకుండా చూడండి.

కంపెనీ ముందు ఇరుకు, వెనక లావు ఇచ్చింది. వాళ్లకు తెలీదా?

తెలుసు. ముస్తాంగ్ జీటీ పర్ఫార్మెన్స్ ప్యాక్‌లో ముందు 255/40 ఆర్19, వెనక 275/40 ఆర్19 ఇచ్చారు (40 అంటే పక్కగోడ ఎత్తు టైరు వెడల్పులో 40 శాతం, 19 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం). రోడ్డు మీద మామూలు డ్రైవరు అదుపు తప్పితే కారు వెనక తిరిగిపోవడం కన్నా ముందుకు జారడం సురక్షితం. వేగం తగ్గిస్తే మళ్లీ దారికి వస్తుంది. వీ8 బలాన్ని నేలకు దించడానికి కూడా వెనక వెడల్పు పనికొస్తుంది. కంపెనీ చూసుకున్నది జాతీయ రహదారిని.

కోన్ల మధ్య అవసరం వేరు. అక్కడ కారు తిరగాలి. నాలుగూ ఒకే సైజు పెడితే ముందు పట్టు పెరిగి కారు ముక్కు కోను వైపు వస్తుంది. పైగా టైర్లను ముందుకీ వెనక్కీ మార్చుకోవచ్చు. బరువైన కారులో ముందు బయటి అంచు త్వరగా అరుగుతుంది కాబట్టి ఈ మార్పిడి సౌకర్యం చిన్నది కాదు. ఒక జాగ్రత్త: నాలుగూ ఒకే సైజు చేశాక కారు వెనక భాగం ఇంతకుముందు కన్నా చురుగ్గా కదులుతుంది. మొదటి రన్నులో యాక్సిలరేటర్ మీద నెమ్మదిగా ఉండండి, స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా తనంతట తానే సర్దే వ్యవస్థ) పూర్తిగా ఆపేయకండి.

మామూలు రబ్బరుతో 285నా, మెత్తటి రబ్బరుతో 255నా?

మెత్తటి 255. దీనికి పెద్దగా చర్చ అక్కర్లేదు. రబ్బరు నాణ్యత తేడా ముందు 30 మిల్లీమీటర్ల తేడా నిలవదు.

సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ (రబ్బరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే) అంకె వెతకండి. 400, 500 ఉంటే అది కిలోమీటర్ల కోసం చేసిన టైరు. 200 దగ్గర ఉంటే పట్టు కోసం చేసినది. అమెరికాలో ఎస్‌సీసీఏ (అక్కడి స్పోర్ట్స్ కార్ల క్లబ్బు) నడిపే ఆటోక్రాస్ స్ట్రీట్ క్లాసుల్లో కనీస ట్రెడ్‌వేర్ 200 ఉండాలని నియమం. అలాంటి నియమాల వల్ల 200 అంకెతో గట్టి పోటీ టైర్లు చాలా వచ్చాయి. అయితే ఈ అంకెను వేసుకునేది తయారీదారే. ఒక కంపెనీ 200నూ ఇంకో కంపెనీ 200నూ సమానమని నమ్మకండి. ఒకే కంపెనీలో రెండు టైర్లను పోల్చడానికే అది బాగా పనికొస్తుంది.

లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె) కూడా చూడాలి. 96 అంటే ఒక టైరు 710 కిలోలు, 98 అంటే 750, 100 అంటే 800. బరువైన కారుకు కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువకు దిగొద్దు.

మన ఎండలకు లావు టైరు మంచిదా, చెడ్డదా?

మంచిదే. చల్లటి దేశాల్లో లావు టైరు మీద ఒక ఫిర్యాదు ఉంది: 40 సెకన్ల రన్నులో అది వేడెక్కేలోపే పోటీ అయిపోతుందని. రాయలసీమలో ఆ బెంగ లేదు. ఏప్రిల్, మే నెలల్లో కడపలో గాలి వేడే 40 డిగ్రీలు దాటుతుంది, నల్లటి తారు అంతకన్నా చాలా ఎక్కువ కాలుతుంది. కారు బరువు కూడా వేడి పుట్టిస్తుంది. ఇక్కడ కష్టం వేడెక్కకపోవడం కాదు, వేడి మితిమీరడం. రబ్బరు మరీ వేడెక్కితే జిడ్డుగా జారుతుంది. రెండో రన్ను బాగా వచ్చి, మూడో రన్ను నుంచి టైము పడిపోతుంటే కారణం అదే కావచ్చు. వెడల్పు ఎక్కువుంటే వేడి పంచుకునే రబ్బరు ఎక్కువ, కాబట్టి ఆ ఘడియ ఆలస్యంగా వస్తుంది.

రన్నుకూ రన్నుకూ మధ్య టైర్ల మీద నీళ్లు చల్లడం పాత పద్ధతే, పనిచేస్తుంది. తోటకు మందు కొట్టే చిన్న చేతి స్ప్రేయరు కొత్తది ఒకటి కొనిపెట్టుకుంటే చాలు. ట్రెడ్ అంతా తడపండి, కారును కొంచెం ముందుకు జరిపి కింద ఉన్న భాగాన్ని కూడా తడపండి. స్టార్ట్ లైనుకు వచ్చేసరికి ఆరిపోవాలి. ఇద్దరు డ్రైవర్లు ఒకే కారు నడుపుతుంటే ఇది తప్పనిసరి.

గాలి సంగతి. 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్‌ఐ పెట్టి, టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే ప్రెషరు 38 దాటుతుంది. పొద్దున 7 గంటలకు పెట్టిన గాలితోనే మధ్యాహ్నం దాకా నడిపితే మీరు లావు టైరు మీద ఇరుకు ముద్రతో తిరుగుతున్నట్టే. ప్రతి రన్ను తర్వాత గేజి పెట్టి చూసి, పెరిగినంత తీసేయండి. పంక్చర్ షాపు గేజిని నమ్మకుండా సొంతది ఒకటి ఉంచుకోండి. పోటీ అయ్యాక ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ కంపెనీ చెప్పిన గాలి కొట్టించుకోవడం మరవద్దు.

ఇంకొకటి, దుమ్ము. మనవైపు యార్డుల్లో ఎర్రమట్టి, సన్నటి గరుకు ఎప్పుడూ పరుచుకునే ఉంటాయి. వేడెక్కిన మెత్తటి రబ్బరు ఆ గరుకునంతా అంటించుకుంటుంది, లావు టైరు ఇంకా ఎక్కువ అంటించుకుంటుంది. మైదానాన్ని ఊడ్పించడానికి పెట్టే గంట, కొత్త టైరు కన్నా ఎక్కువ టైము మిగులుస్తుంది. వాన గురించి నేను పెద్దగా ఆలోచించను. అనంతపురం దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. అయినా పోటీ రోజు వాన పడితే, లావు టైరు నీటి మీద తేలిపోతుందని గుర్తుపెట్టుకుని వేగం తగ్గించండి.

275 వేశాను, అయినా ముందుకే జారుతోంది. ఎందుకు?

చాలావరకు క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) వల్ల. మలుపులో కారు పక్కకు ఒరిగినప్పుడు టైరు కూడా బయటికి ఒరుగుతుంది, బయటి అంచు మీద నిలబడుతుంది. టైరు ఎంత వెడల్పైతే లోపలి వైపు అంత ఎక్కువ రబ్బరు పని లేకుండా గాల్లో ఉంటుంది. కాబట్టి వెడల్పు పెంచినవాళ్లు నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి ఒరగడం) కూడా పెంచాలి. బరువైన, స్ట్రట్ సస్పెన్షన్ ఉన్న కార్లకు ముందు మైనస్ 2 నుంచి మైనస్ 3 డిగ్రీల మధ్య మొదలుపెట్టవచ్చు. మామూలు అలైన్‌మెంట్‌తో అంత రాదు, స్ట్రట్ పైన ఈ కోణం మార్చుకునే క్యాంబర్ ప్లేట్లు వేయాలి.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి తెల్ల షూ పాలిష్‌తో ఒక గీత గీయండి, ఒక రన్ను తిప్పి రండి. గీత సైడ్‌వాల్ మీద కూడా చెరిగిపోతే టైరు పక్కకు పొర్లుతున్నట్టు: గాలి తక్కువైనా అయి ఉండాలి, క్యాంబర్ చాలకైనా ఉండాలి. అంచు దగ్గరే ఆగితే బాగుంది. ట్రెడ్ మీద కూడా గీత మిగిలిపోతే గాలి ఎక్కువైంది.

లావు టైరు ఫెండర్‌కు తగులుతుందా? గేర్లకు ఏమైనా తేడా వస్తుందా?

తగలవచ్చు, అందుకే కొలిచి కొనాలి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, లోపల స్ట్రట్ దగ్గర, బయట ఫెండర్ దగ్గర ఎంత సందు ఉందో చూడండి. బయటికి వచ్చే టైరు కన్నా లోపలికి వెళ్లే టైరు మేలు. మరీ బయటికి జరిపితే స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంతల్లో లాగుతుంది. సన్నటి స్పేసర్లతో (రిమ్ము వెనక పెట్టే బిళ్లలు) సర్దుకోవడం కన్నా సరైన ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత) ఉన్న రిమ్ము కొనండి.

గేర్ల విషయానికొస్తే, వెనక 275/40 ఆర్19 మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 305/30 ఆర్19 అయితే 666. అంటే 5 శాతం పైగా చిన్నది. కారు మలుపు నుంచి చురుగ్గా లేస్తుంది, కానీ రెండో గేరులో అందే వేగం కూడా అంతే తగ్గుతుంది. రెండో గేరు చివరిదాకా వాడే పొడవాటి కోర్సులో మీరు లిమిటర్‌కు (ఇంజిను అంతకన్నా వేగంగా తిరగకుండా ఆపే హద్దు) కొట్టుకుంటుంటే వెడల్పు తెచ్చిన లాభం అక్కడే పోతుంది. 285/35 ఆర్19 ఎత్తు 682, మధ్యస్థంగా ఉంటుంది. ముస్తాంగ్‌కు నేను ఎక్కువమందికి చెప్పేది ఈ సైజే, 10 అంగుళాల రిమ్ముతో.

మట్టి మైదానంలో ఆటోక్రాస్ అయితే?

పైన చెప్పిందంతా పక్కన పెట్టండి. వదులు మట్టి మీద ఇరుకు టైరు పైపొరను కోసుకుని కింది గట్టి నేలను పట్టుకుంటుంది, లావు టైరు పైనే తేలుతుంది. ట్రెడ్ బ్లాకులు పెద్దవిగా ఉన్న ఇరుకు టైరు, ఎత్తైన సైడ్‌వాల్ కావాలి. 30, 35 ప్రొఫైల్ టైర్లతో మట్టిలో దిగితే రిమ్ములు పోతాయి. నిజం చెప్పాలంటే మజిల్ కారును అక్కడికి తీసుకెళ్లకపోవడమే మేలు.

నా దగ్గర ముస్తాంగ్ లేదు. కాంటెస్సా ఉంది. ఫ్రెండు ఫార్చ్యూనర్ తెస్తానంటున్నాడు.

కాంటెస్సా అంటే నాకు చాలా ఇష్టం. 1984 నుంచి 2002 దాకా తయారైన ఆ వెనక చక్రాల బండిని మన తరం మజిల్ కారుగానే చూసింది. కానీ అది ముస్తాంగ్ కన్నా బాగా తేలిక, దాని ఇంజిను బలానికీ పాత సస్పెన్షన్‌కూ 275 అవసరం లేదు. కంపెనీ సైజు కన్నా ఒకటి రెండు మెట్లు పైకి, మంచి రబ్బరుతో వెళ్లండి. మిగిలిన డబ్బు షాక్ అబ్జార్బర్లకూ బుష్‌లకూ పెట్టండి. ఎక్కువ పట్టు పాత బాడీ మీద, సస్పెన్షన్ మీద ఒత్తిడి పెంచుతుంది.

ఫార్చ్యూనర్, స్కార్పియో లాంటి ఎత్తు బండ్లు తారు ఆటోక్రాస్‌కు వద్దు. వాటికి లావుగా, మెత్తగా ఉన్న టైరు వేస్తే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. పట్టు తక్కువుంటే బండి జారుతుంది, పట్టు ఎక్కువుంటే పల్టీ కొడుతుంది. ఎస్‌సీసీఏ కూడా ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం కన్నా ఎత్తు ఎక్కువున్న ఎస్‌యూవీలను సాధారణంగా అనుమతించదు. మీ స్నేహితుడికి మీ కారులోనే ఒక రన్ను ఇవ్వండి.

ప్రాక్టీసు ఎక్కడ చేయాలి? తెల్లవారుజామున హైవే ఖాళీగానే ఉంటుంది కదా.

వద్దు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద పందేలు, వేగ పరీక్షలు నేరం. మొదటిసారికి 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం అటుంచి, ఆ వేళ 44వ జాతీయ రహదారి పక్కన పొలాలకు వెళ్లే మనుషులుంటారు, పశువులుంటాయి. యజమాని రాతపూర్వక అనుమతితో ఒక కాలేజీ కాంక్రీటు మైదానమో ఫ్యాక్టరీ యార్డో చూసుకోండి. దీపస్తంభాలు, గోడలు దూరంగా ఉండాలి. హెల్మెట్, మంటలార్పే సిలిండరు, ఒక బాధ్యత గల మనిషి లేకుండా ఇంజిను స్టార్ట్ చేయవద్దు.

ఈ సైజులు ఇక్కడ దొరుకుతాయా?

అనంతపురం, కర్నూలు షాపుల్లో 225, 235 దాకా సులభంగా దొరుకుతాయి. 275, 285 కావాలంటే సాధారణంగా బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవాలి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతిపై కేంద్రం పరిమితులు పెట్టింది, కాబట్టి విదేశీ పోటీ టైర్లు మునుపటిలా రావు. ఏ సైజు నిజంగా దొరుకుతుందో ముందు ఫోన్ చేసి తెలుసుకుని, ఆ తర్వాతే రిమ్ములు కొనండి. రిమ్ములు ముందే కొని, వాటికి తగ్గ టైరు లేక నెలల తరబడి ఎదురుచూసినవాళ్లను చూశాను.

టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడండి. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది: 1424 అంటే 2024లో 14వ వారం. అరుదైన సైజులు గోడౌన్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, మన వేడికి మెత్తటి రబ్బరు నిల్వలోనే గట్టిపడుతుంది. రెండేళ్లు దాటినదైతే తగ్గింపు ఎంత ఇచ్చినా పోటీకి కొనవద్దు. నాలుగు టైర్ల తేదీలూ దగ్గరదగ్గరగా ఉండేలా ఫొటో పంపించమని అడగండి, డబ్బు ఆ తర్వాతే పంపండి.